పేవ్‌మెంట్ మీద ఫిడేలు కచేరి

జూన్ 21న పారిస్‌లో ఎవరైనా, ఎక్కడైనా పాడుకోవచ్చు, వాయించుకోవచ్చు, అడిగేవాడుండడు అని ఈ ఊరు వచ్చిన కొత్తలో నాకు చెప్పారు. సగం నిజమే. గిటార్ భుజాన వేసుకుని కాలవ గట్టున కూర్చుని పాడుకుంటే ఎవరూ ఏమీ అనరు. పేవ్‌మెంట్ మీద చాప పరుస్తాం, పక్కన చిన్న స్పీకర్ పెడతాం, రెండు గంటలు కదలం అంటే మాత్రం కాగితాలు మొదలవుతాయి. 2025లో మేం ఆ కాగితాల దారిలోనే వెళ్ళాం. ఎలా జరిగిందో రాస్తున్నాను, నాలాగా ఫిడేలో వీణో పెట్టెలో పెట్టుకుని విదేశం వచ్చినవాళ్ళకు పనికొస్తుంది.

పండగ పేరు ఫెట్ ద లా మ్యూజిక్. 1981లో మితెరాఁ దేశాధ్యక్షుడయ్యాక సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్, ఆయన శాఖలో సంగీతం, నాట్యం విభాగం చూసే మోరిస్ ఫ్లోరే కలిసి తలపెట్టారు. దేశంలో యాభై లక్షల మందికి ఏదో ఒక వాద్యం వాయించడం వచ్చని, కుర్రకారులో అయితే ఇద్దరిలో ఒకరికి వచ్చని అప్పటి సర్వేలో తేలింది. మరి ఇంతమందీ ఇళ్ళల్లో తలుపులేసుకుని ఎందుకు వాయించాలి, వీధిలోకి రమ్మందాం అనుకున్నారు. 1982 జూన్ 21న రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా, అరగంట అని పిలుపిచ్చారు. జనం అరగంటతో ఆగలేదు. అంతకు ముందే, 1976లో, ఫ్రెంచి రేడియోలో పనిచేస్తున్న జోయెల్ కోహెన్ అనే అమెరికన్ సంగీతకారుడు అయనం మారే రోజున రాత్రంతా సంగీతం పెడదామని ప్రతిపాదించాడు. అసలు ఆలోచన ఎవరిదన్న వాదన ఇక్కడ ఇంకా వినిపిస్తుంది. మన పంచాంగంలో దక్షిణాయనం జూలై మధ్యలో వస్తుంది కానీ సూర్యుడు నిజంగా తిరుగుముఖం పట్టేది ఈ రోజుల్లోనే. పారిస్‌లో ఆ రోజు సూర్యాస్తమయం రాత్రి దాదాపు పది గంటలకు. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో చేస్తున్నారు. మన పేపర్లలో 'ప్రపంచ సంగీత దినోత్సవం' అని ఓ మూల ఫొటో పడేది దీని గురించే. 2015 నుంచి అదే రోజు యోగా దినోత్సవం కూడా కావడంతో ఆ మూల ఇంకా చిన్నదయింది.

మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊరు కాబట్టి అక్కడ ఫిడేలు నేర్చుకోవడం పెద్ద విశేషమేం కాదు, ప్రతి రెండో వీధిలో ఒక పిల్లవాడు సరళీ వరసలు గీకుతూ ఉంటాడు. నేనూ అలాగే గీకాను. ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాక ఫిడేలు వారానికోసారి బయటికి తీస్తే గొప్ప. పారిస్‌లో తమిళుల దుకాణాలుండే లా షాపెల్ దగ్గర కూరగాయలు కొనడానికి వెళ్ళినప్పుడు ఓ మృదంగం మాస్టారు పరిచయమయ్యారు. శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) నుంచి ముప్పయ్యేళ్ళ కిందట వచ్చిన తమిళుడు. ఆయన్ని అణ్ణా అంటాను, ఆయన నన్ను తంబీ అంటాడు. మిగతాదంతా ఫ్రెంచిలో, అదీ ఇద్దరిదీ అంతంత మాత్రమే.

వీధిలో వాయిద్దామా అని అడిగింది నేనే. అణ్ణ వెంటనే ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "ఆలాపన వద్దు. నడిచిపోయేవాడు ఆలాపన వినడు."

ముందు చోటు కావాలి. కళాకారుడి తరఫున కంటే ఏదైనా దుకాణం తరఫున అర్జీ వెళితే తేలిక అని తెలిసినవాళ్ళు చెప్పారు. సెయింట్ మార్టిన్ కాలవ దగ్గర ఓ సందులో నేను కాఫీ తాగే చోటు ఒకటుంది. యజమాని అల్జీరియా నుంచి వచ్చిన కబీల్ కుటుంబం మనిషి. విషయం చెబితే "ఏం వాయిస్తారు? టెక్నో కాదు కదా?" అన్నాడు. కాదన్నాను. ఎంత చోటు కావాలన్నాడు. ఒక చాపంత అన్నాను. "స్టేజీ లేదా?" అన్నాడు. కింద కూర్చుంటామంటే నమ్మలేదు. అక్కడే కౌంటర్ ముందు నేల మీద కూర్చుని, కుడి కాలు చాపి, చీలమండ మీద ఫిడేలు తల ఆనించి, ఇదిగో ఇలా అని చూపించాను. టేబుళ్ళ దగ్గరున్న నలుగురు తల తిప్పి చూశారు. ఆయన నవ్వి, అర్జీ తానే పెడతానన్నాడు.

అర్జీ మా వార్డు మునిసిపల్ ఆఫీసుకు వెళుతుంది. పారిస్‌లో ఇరవై వార్డులు, మొదటి నాలుగింటికీ కలిపి ఒకే మేయరు, మిగతా ప్రతిదానికీ సొంత మేయరు, సొంత ఆఫీసు. ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎంతమంది, ఏ వాద్యాలు, మైకు ఉందా లేదా, నడిచేవాళ్ళకు దారి ఎంత వదులుతారు, ఇవన్నీ రాయాలి. వాద్యాల గడిలో 'మృదంగం' అని రాసి పక్కన 'రెండు తలల డోలు' అని వివరణ ఇచ్చాం. ఆ వివరణే కొంప ముంచేలా ఉందని మా భయం, ఎందుకంటే డోలు అనగానే శబ్దం గుర్తొస్తుంది ఎవరికైనా. ఇంకో గొడవ రచయితల హక్కులది. పాటల హక్కుల రుసుము వసూలు చేసే సాసెమ్ అనే సంస్థ ఇక్కడ గట్టిగానే పట్టించుకుంటుంది, కాబట్టి ఎవరి రచనలు వాయిస్తారో ముందే రాసిపెట్టుకోమని కాఫీ షాపాయన సలహా. రాశాను: ముత్తుస్వామి దీక్షితార్, మరణం 1835. త్యాగరాజు, మరణం 1847. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, మరణం 1902. రచయిత పోయిన డెబ్బై ఏళ్ళకు ఇక్కడ హక్కులు తీరిపోతాయి. ఆయన ఆ కాగితం చూసి, "మీ దగ్గర బతికున్నవాళ్ళు పాటలు రాయరా?" అన్నాడు. దానికి నా ఫ్రెంచి సరిపోలేదు.

చివరికి అనుమతి వచ్చింది, షరతులతో. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. స్పీకర్ పెద్దది వద్దు. పిల్లల బండి, చక్రాల కుర్చీ పోయేంత దారి వదలాలి. ఇవి కాక కాఫీ షాపాయన సొంత షరతు ఇంకోటి: పైన రెండో అంతస్తులో ఉండే పెద్దావిడను ముందుగా కలిసి చెప్పాలి. ఆవిడ పోలీసులకు ఫోన్ చేయడంలో ఆరితేరిందట. వెళ్ళి తలుపు కొట్టాను. "డీజేనా?" అంది. ఫిడేలు అన్నాను. "ఎనిమిది అంటే ఎనిమిదే" అని తలుపేసింది.

ఇక ఏం వాయించాలన్నది. సభా కచేరీకి ఒక పద్ధతి ఉంది కదా, వర్ణం, చిన్న కృతులు, ప్రధానమైన రాగం, తని అంటే మృదంగం ఒక్కటే మోగే వంతు, చివర తుక్కడాలనే తేలిక పాటలు. ఆ పద్ధతంతా జనం కూర్చుని ఉంటారన్న నమ్మకం మీద నడుస్తుంది. వీధిలో కూర్చుని ఉండేది మనమే, జనం నడుస్తుంటారు. అందుకని చిట్టచివరి తుక్కడాలను ముందుకు తెచ్చాం. విజయనగరంలో మా మాస్టారికి ఫోన్ చేస్తే "వీధిలోనా?" అని కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే అన్నారు: "నోట్లు వాయించరా. నీకు చిన్నప్పుడు చెప్పానే. అవి ఎక్కడివో వాళ్ళకే తెలుస్తుంది."

నోట్లంటే దీక్షితార్ వారి నోట్టుస్వరాలు. అప్పట్లో మద్రాసులో ఇంగ్లీషు బ్యాండువాళ్ళు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. దాదాపు నలభై ఉన్నాయి, అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే నడుస్తాయి. ఆయన తమ్ముడు బాలస్వామి దీక్షితార్ ఆ రోజుల్లోనే తెల్లవాళ్ళ దగ్గర ఫిడేలు నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడు. అంటే నేను పట్టుకున్న వాద్యమూ, వాయించబోయే బాణీలూ రెండూ ఒకే ఇంటి తలుపులోంచి మన దగ్గరికి వచ్చినవే. సభల్లో వీటిని పిల్లల పాఠాలుగా చూస్తారు. నాకు అప్పుడూ నచ్చేవి, ఇప్పుడూ నచ్చుతాయి.

ఆ రోజు శనివారం. పొద్దున లేచేసరికి అమ్మ యోగా దినోత్సవం వీడియోలు పంపింది. విశాఖ బీచ్ రోడ్డు పొడుగునా చాపలు, వాటి మీద లక్షల జనం, ప్రధాని వచ్చారు. "మీ ఊళ్ళో చేయరా?" అని అడిగింది. మా ఊళ్ళో కూడా చాప పరుస్తున్నాం, కానీ వేరే పనికి అని రాశాను.

ఎండ ముప్పయి డిగ్రీలు ఎప్పుడో దాటింది. ఫిడేలుకు ఎండ పడదు. తీగలు బిగించే బిరడాలు జారుతాయి, శ్రుతి చేసి చేతులు తీసేలోపు తీగ దిగిపోతుంది. బిరడాలకు సుద్దముక్క రుద్దాను, కాఫీ షాపు గొడుగు నీడలోకి చాప లాక్కున్నాం. అణ్ణ కష్టం ఇంకోటి. మృదంగం ఎడమ వైపు గుమకీ, అంటే ఆ మంద్రపు గుమ్మనే మోత, రావాలంటే మధ్యలో తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటించాలి. ఆ వేడికి ముద్ద ఎండి పెళ్ళలుగా రాలిపోతోంది. ఆయన తెచ్చుకున్న రవ్వ చిన్న డబ్బాడే, మొదటి అరగంటలోనే సగం అయిపోయింది. ఏం వెతుకుతున్నారని కాఫీ షాపాయన వచ్చి అడిగాడు. చెబితే లోపలికి వెళ్ళి ఒక గిన్నెలో సన్న రవ్వ తెచ్చాడు. వాళ్ళు వారానికోసారి కుస్కుస్ వండుతారు, వంటింట్లో రవ్వకు కొదవ లేదు. అణ్ణ చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూశాడు, నీళ్ళు చిలకరించి ముద్ద చేశాడు, అంటించి ఓ దెబ్బ కొట్టాడు. 'గుమ్' అంది. కాఫీ షాపాయన ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రమంతా వచ్చినవాళ్ళందరికీ "ఆ డోలులో ఉన్నది మా రవ్వ" అని చెప్పుకుంటూనే ఉన్నాడు.

వర్ణంతో మొదలుపెట్టాం. ఫోనులో తంబురా, పక్కన పిడికిలంత స్పీకర్. నడిచేవాళ్ళు ఒకసారి చూసి వెళ్ళిపోతున్నారు. కింద కూర్చున్న మనిషి కంటికి ఆనడు, అదొక సంగతి. ఇంకో సంగతి, ఆ సందు చివర బారు బయట పెద్ద స్పీకర్లు అప్పటికే గుండె అదిరేలా కొడుతున్నాయి, మా ఫిడేలు పది అడుగులు దాటి వినపడదు. అణ్ణ ఇదంతా ముందే ఊహించినట్టున్నాడు. వర్ణం రెండో కాలానికి వచ్చేసరికి నాకేసి చూసి తల ఊపాడు, ఇక ఫిడేలు పక్కన పెట్టి తాళం వేయమన్నట్టు. తని మొదలుపెట్టాడు, కచేరి మొదలైన ఇరవై నిమిషాలకే. మా మాస్టారు చూస్తే ఏమనేవారో కానీ, మృదంగం ఆ బారు శబ్దం కింద నలగకుండా దాని పైకి వచ్చింది. ముగ్గురు ఆగారు. ఆ ముగ్గురిని చూసి ఇంకో పదిమంది. తిశ్రం (మూళ్ళ లెక్క) నుంచి ఖండం (అయిదుల లెక్క) లోకి మారినప్పుడు గడ్డం కుర్రాడొకడు వేళ్ళ మీద లెక్కపెడుతూ, తప్పి, మళ్ళీ మొదలుపెడుతూ కనిపించాడు. వాడు డ్రమ్మరట, తర్వాత వచ్చి అణ్ణని అరగంట వదల్లేదు.

జనం ఆగాక కదనకుతూహలంలో 'రఘువంశ సుధ' ఎత్తుకున్నాను. ఆ రాగం స్వరాలు పరుగు మీదుంటాయి, వీధికి అతికినట్టు సరిపోయింది. మధ్యలో ఒకావిడ వంగి నా ఫిడేలు పెట్టెలో రెండు యూరోల బిళ్ళ వేసింది. పెట్టె తెరిచి ఉండడం వల్ల వచ్చిన తంటా. ఆ రోజు పండగ నియమమే ఉచితం, వాయించేవాడు తీసుకోడు, వినేవాడు ఇవ్వడు. పాట ఆపలేను, ఆవిడ వెళ్ళిపోయింది. అణ్ణ మృదంగం మీద చేయి ఆపకుండానే "ఉంఛవృత్తి" అన్నాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. త్యాగరాజస్వామి తిరువయ్యారు వీధుల్లో పాడుతూ బియ్యం అడుక్కున్నవాడే కదా, ఆయన్ని తలుచుకుంటే రెండు యూరోలు ఎక్కువే. కృతి అయ్యాక పెట్టె మూసేశాను. బిళ్ళ కాఫీ షాపు టిప్పుల డబ్బాలో వేశాం.

నోట్లు ఏడు దాటాక తీశాను. 'శ్యామలే మీనాక్షి' మొదటి వరస పూర్తి కాకముందే, నాన్న భుజాల మీదున్న ఓ నాలుగేళ్ళ పిల్ల గొంతెత్తి పాడేసింది. మనం ఇంగ్లీషు మీడియం బళ్ళో ట్వింకిల్ ట్వింకిల్ అని పాడుకునే బాణీ అదే. అది 18వ శతాబ్దపు ఫ్రెంచి బాణీ, ఇక్కడి పిల్లలకు మూడు కోళ్ళు వరసగా పొలానికి పోయే పాట. నేను మీనాక్షమ్మను పిలుస్తున్నాను, ఆ పిల్ల కోళ్ళను తోలుతోంది, శ్రుతి ఒకటే కాదు కానీ తాళం ఒకటే. పిల్ల నాన్న సిగ్గుపడి ఊరుకోమన్నాడు, అణ్ణ కాదు కానీయమని సైగ చేశాడు. రెండోసారికి చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు కూడా కలిశారు. పాట అయ్యాక ఒక ముసలాయన వచ్చి, "మా పాట ఇండియా ఎప్పుడు వెళ్ళింది?" అని అడిగాడు. రెండు వందల ఏళ్ళ పైమాటే అన్నాను. "తిరిగొచ్చినప్పుడు బాగా లావెక్కింది" అన్నాడు. నేను వేసిన గమకాల గురించి, అంటే స్వరాన్ని ఊపుతూ వాయించడం గురించి, ఆయన ఉద్దేశం. నోటుకు గమకం వేయకూడదని మా మాస్టారి వాదన కూడా అదే, ఆయన ముసలాయనతో ఏకీభవించేవారు.

ఏడున్నర ప్రాంతంలో సందు అవతలి నుంచి విద్యార్థుల ఫాన్‌ఫార్ ఒకటి వచ్చింది. ఫాన్‌ఫార్ అంటే ఇత్తడి బాకాల గుంపు, అచ్చం మన పెళ్ళి ఊరేగింపు బ్యాండుమేళమే, కాకపోతే రంగు రంగుల పిచ్చి బట్టలు. అది మా ముందు నుంచి పోయినంతసేపూ మేం చేతులు ముడుచుకుని కూర్చున్నాం. ట్రాంబోన్ కుర్రాడు ఆగి మా వైపు వంగి నమస్కారం పెట్టి వెళ్ళాడు. వాళ్ళ శబ్దం మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఊపిరితో ఊదే శబ్దం ఎంత పెద్దదైనా నడుచుకుంటూ వచ్చి నడుచుకుంటూ పోతుంది. ఆ బారు స్పీకర్లే కదలవు. పాట మారినా దరువు మారదు. ఏటా ఈ పండగ ఆ పెట్టెల చేతుల్లోకి పోతోందని ఇక్కడి పాతవాళ్ళ బాధ, నాకూ అలాగే అనిపించింది. ఇళ్ళల్లో వాయించుకునేవాళ్ళను బయటికి రమ్మని పెట్టిన పండగలో, ఎవరూ ఏమీ వాయించకుండా మీట నొక్కి వెళ్ళిపోయిన శబ్దం కింద మిగతా అందరూ అణిగిపోవడం ఏం న్యాయం? అనుమతిలో స్పీకర్ పెద్దది వద్దని మాకు రాసిచ్చిన కాగితం ఆ బారుకు ఎందుకు వర్తించలేదో ఆ మునిసిపల్ ఆఫీసుకే తెలియాలి.

ఎనిమిదికి మంగళం పాడాం. రెండో అంతస్తు కిటికీ దగ్గర పెద్దావిడ మోచేతులు ఆనించి నిలబడి ఉంది, ఎప్పటి నుంచో తెలియదు. చేతి గడియారం వేలితో చూపించింది. అది మెచ్చుకోలో హెచ్చరికో అర్థం కాలేదు, ఫోన్ మాత్రం చేయలేదు.

ఆ తర్వాత మేమూ వినడానికి బయలుదేరాం. ఎండ ఇంకా అలాగే ఉంది. సాయంకాలపు రాగం వాయించాలంటే ఈ ఊళ్ళో ఆ రోజు పది దాకా ఆగాలి. కాలవ గట్టున ఒక కోయిర్, వంతెన మీద అకార్డియన్, దాని పక్కనే ఎవరో ఒకడు ఒంటరిగా సాక్సొఫోన్. తొమ్మిది దాటాక కాలు పెట్టే సందు లేదు. ఫిడేలు పెట్టెను గుండెకు హత్తుకుని, అణ్ణ మృదంగాన్ని నెత్తి మీద పెట్టుకుని మెట్రో దాకా నడిచాం. పిల్లలతో వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా: మధ్యాహ్నం నాలుగు నుంచి ఎనిమిది లోపల, పెద్ద వీధులు వదిలి సందుల్లో తిరగండి. చర్చీల ముంగిళ్ళు, పార్కులు, మ్యూజిక్ స్కూళ్ళ వరండాలు, అసలు పండగ అక్కడ ఉంది. తొమ్మిది దాటాక అది కుర్రకారు రాత్రి.

మెట్రోలో అణ్ణ ఒక మాటన్నాడు, అదే ఇంకా నా బుర్రలో నడుస్తోంది. ఫిడేలు, మృదంగం గదిలో కూర్చునే వాద్యాలు. వీధి కోసం పుట్టినవి మనకు వేరే ఉన్నాయి. నాదస్వరం, డోలు ఊరేగింపులో నడుస్తూ వాయించేవి, వాటికి మైకు ఏనాడూ అక్కర్లేదు. వాటిని పెళ్ళిళ్ళకూ గుళ్ళకూ వదిలేసి, కచేరి అంటే చాప మీద కూర్చునేదే అనుకోవడం మనకు అలవాటైపోయింది. లా షాపెల్ వినాయకుడి గుడి ఊరేగింపులో వాయించేవాళ్ళు అణ్ణకు తెలుసు. వచ్చే పండగకు మాతో రావడానికి ఇద్దరు ఒప్పుకున్నారు కూడా. వాళ్ళ ముందు ఆ బారు స్పీకర్లు ఏం చేస్తాయో చూడాలని నాకు ఉబలాటంగా ఉంది.

మొన్న కాఫీ షాపాయన అర్జీ నింపడానికి కూర్చుని, ఈ కొత్త వాద్యం ఎంత శబ్దం చేస్తుందని అడిగాడు. మా పిన్ని కూతురి పెళ్ళి వీడియో చూపించాను. ఫోనులో విని, "పర్వాలేదు, మెత్తగానే ఉందే" అని రాసేసుకున్నాడు. ఫోనులో వింటే అలాగే ఉంటుంది మరి. రెండో అంతస్తు ఆవిడ తలుపు ఎవరు కొట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అణ్ణ నువ్వే వెళ్ళమంటాడు, నేను ఈసారి ఆయన వంతంటాను.